బోర్డు ముందు వేసిన ముడులు

ఆ రోజు మా ఆయన చేతులు రెండూ విరిచేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. చూపు లేని మనిషి మీద ఇంత కోపమేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఆ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుని ఉంటే మీకూ వచ్చేది.

మా ఆయన పేరు నాగభూషణం. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్ళు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఆయనది వైపని. మగ్గం మీద పడుగు అయిపోయాక కొత్త పడుగు చుట్టిన బీము ఎక్కించి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే పట్టుకుని ముడి వేసే పని. ఒక్కో బీముకు నాలుగు వేల పోగులు. ఒక పోగు తప్పిపోతే గుడ్డ పొడుగునా గీత పడుతుంది, శేఠ్ నోటికొచ్చినట్టు తిడతాడు. మా ఆయనను తిట్టిన శేఠ్ మాత్రం లేడు. ఆయన వేసిన ముడి మగ్గంలోంచి దాటిపోయినా చేతికి తగిలేది కాదు. తిండికి లేని రోజున కూడా ఆ పని గురించి చెప్పమంటే ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసే చేసుకున్నాను, అది వేరే సంగతి.

మూడేళ్ళ కింద ఒక కార్ఖానాలో ఆయన కింద కూర్చుని ముడులు వేస్తుంటే, పక్కన నడుస్తున్న సాంచలోంచి పేక దారం తిప్పే నాడె ఎగిరొచ్చి కుడి కంటికి తగిలింది. ఆ కన్ను ఆ రోజే పోయింది. ఏడాది తర్వాత ఎడమ కన్ను కూడా ఆరిపోయింది. ఒక కంటి దెబ్బ రెండో కంటికి పాకే జబ్బు ఒకటి ఉందట, పెద్దాస్పత్రిలో చెప్పారు. ఇప్పుడు ఆయనకు తెలిసేది ఒక్కటే, ఎదురుగా వెలుతురు ఉందా లేదా అని.

కార్మిక బీమా వాళ్ళు కుడి కన్ను ఒప్పుకున్నారు. పేచీ అంతా ఎడమ కన్ను దగ్గరే. ఒక కన్నే అంటే నెల నెలా వచ్చేది డిండోలిలో మా ఒంటిగది కిరాయికి కూడా సరిపోదు. రెండు కళ్ళూ ఆ దెబ్బతోనే పోయాయని రాస్తే, బతికినన్నాళ్ళూ జీతంలో చాలా భాగం ఇంటికొస్తుంది. మా పిల్ల హారతి బి.కాం. రెండో ఏడు మధ్యలో ఆపేసి, పర్వత్ పాటియా దగ్గర చీరల మార్కెట్‌లో ప్యాకింగ్‌కు పోతోంది. "బాపు పింఛన్ వచ్చేదాకనే మమ్మీ" అంది. ఆ "వచ్చేదాకా" పట్టుకునే ముగ్గురం రోజులు గడుపుతున్నాం.

బీమావాళ్ళ డాక్టర్ల బోర్డు ముందుకు పిలిచిన రోజు మేమిద్దరమే పోయాం. కాగితాలన్నీ జితేందర్ వరసగా పెట్టి ఇచ్చాడు. జితేందర్‌కు డిండోలిలోనే జిరాక్సు దుకాణం ఉంది. మన తెలుగువాళ్ళ ఫారాలన్నీ నింపేది అతనే. నన్ను అక్కా అంటాడు, ఈయనను బావా అంటాడు. "అడిగినదానికే జవాబు చెప్పమను అక్కా, ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దను" అని మరీ మరీ చెప్పి పంపించాడు.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఒక ముసలాయన, ఒక నడివయసు ఆయన, ఒక చిన్న వయసు డాక్టరమ్మ. టార్చి వేశారు, వేళ్ళు చూపించారు, ఏవేవో రాసుకున్నారు. ముసలాయన ఉన్నట్టుండి పెన్ను చాచి "సహీ కరో", సంతకం పెట్టు అన్నాడు. చూపుంటే చెయ్యి దానంతటదే పెన్ను దగ్గరికి పోతుందని చూడటానికి అడిగినట్టున్నాడు. ఈయన చెయ్యి ఎక్కడో బల్ల అంచు మీద తడుముకుంది. పాపిష్టిదాన్ని, మొగుడి చెయ్యి అలా తడుముకుంటుంటే నాకు సంతోషమైంది. గట్టెక్కామనుకున్నాను.

అప్పుడా డాక్టరమ్మ ఫైలు మూస్తూ, ఏం పని చేసేవాడివని ఊరికే, మర్యాదకు అడిగింది. "క్యా కామ్ కర్తే థే, కాకా?"

ఈయన చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. అదేం పని, ఎలా చేస్తారు అంది.

రెండేళ్ళుగా ఆయనను ఆ మాట అడిగిన మనిషి లేడు. అందరూ కళ్ళ గురించే అడుగుతారు. నేను పక్కనుంచి చీర అంచు నలుపుతూ, వద్దు వద్దు అని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. ఆ సైగ ఆయనకెలా కనబడుతుంది? భుజం మీది తువ్వాల తీశాడు. కొసనున్న పోగులు పీకి, రెండుగా విడదీసి, "దేఖో మేడమ్" అని మొదలుపెట్టాడు. ముఖం పైకప్పు వైపు ఉంది. వేళ్ళు మాత్రం కింద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గుక్క తిప్పుకునేలోగా పది ముడులు. అన్నీ ఒక్క తీరుగా, ఆవగింజలంత.

ముసలాయన కుర్చీలోంచి లేచొచ్చి, కళ్ళజోడు పైకెత్తి, ఒక ముడిని లాగి చూశాడు. "వాహ్ కాకా, వాహ్!" అన్నాడు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. మా ఆయన పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ముసలాయన తిరిగి వెళ్ళి కూర్చుని, ఫైలు మళ్ళీ తెరిచి, రెండు లైన్లు రాశాడు.

ఆ రెండు లైన్లు రాస్తుంటే పెన్ను చప్పుడు నా గుండెల మీద వినబడింది. సారూ, తువ్వాల పోగులు పది వేరు, మగ్గం మీద నాలుగు వేలు వేరు, ఏది పాతదో ఏది కొత్తదో చూపు లేకుండా ఎలా ఏరుతాడు, ఏ శేఠ్ రానిస్తాడు అని హిందీలో చెబుదామని నోరు తెరిచాను. "హో గయా, జాయియే" అన్నారు. బయట ఇంకో మనిషి పేరు పిలిచేశారు కూడా.

మెట్లు దిగేదాకా ఓపిక పట్టాను. దిగాక పట్టలేదు.

"చేతులు ఊకోవా నీకు? ఏం సర్కస్ జేసినవ్ లోపట?"

"ఆ పిల్ల అడిగింది గదనే," అన్నాడు ఇంకా నవ్వుతూనే. "ముసలాయన వాహ్ అన్నడు, ఇన్నవా?"

"ఇన్న. వాహ్ అని ఊకోలేదు, రాసుకున్నడు. చేతులు గింత మంచిగ నడుస్తున్నయ్, ఈనికి పింఛనెందుకు అని రాసుకున్నడు. నీ చేతులే మన నోట్ల మన్ను గొట్టినయ్."

ఆయన నవ్వు ఆగిపోయింది. బస్సు కోసం నిలబడ్డంతసేపు తువ్వాల కొసను పిడికిట్లో ముడిచి పట్టుకుని నిలబడ్డాడు. నాకేమీ జాలి కలగలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

నెల రోజుల్లో తీర్పు పోస్టులో వస్తుందన్నారు. నెల దాటింది. నేను రోజూ పదకొండింటికి గల్లీ మొదట్లో నిలబడేదాన్ని. పోస్ట్‌మాన్ నన్ను చూసి ముందే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు విసుక్కుని, "బేన్, ఆయేగా తో మై ఖుద్ చిల్లాఊంగా", వస్తే నేనే అరిచి పిలుస్తాలే అన్నాడు. నేనూ ఊరుకోలేదు, నీ గొంతుకేం తెలుసు నా ఇంటి సంగతి అని తెలుగులో తిట్టాను. అర్థం కాకపోయినా తిట్టని తెలిసినట్టుంది, తర్వాత రెండు రోజులు ఆ గల్లీలోంచి పోవడమే మానేశాడు.

జితేందర్ దుకాణానికి పోయి అడిగితే, "ఆల్చమైతదక్కా," అన్నాడు. జిరాక్సు మిషను మూత వేస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. "కొన్ని కేసులల్ల ఇంటికి మనిషిని పంపిచ్చి చూస్తరంట. నిజమో అబద్ధమో నాకు తెల్వది."

నిజమో అబద్ధమో తేల్చుకునే ఓపిక నాకెక్కడిది? అది నిజమేనని ఆ క్షణాన్నే ఖాయం చేసుకున్నాను.

నేను ఇంట్లో చీరల ధాగా కటింగ్ చేస్తాను. ఎంబ్రాయిడరీ అయిన చీర వెనక వేలాడే దారాలను చిన్న కత్తెరతో కోసే పని. కళ్ళు పోయాక ఈయనకు అదే కాలక్షేపం అయింది. చీర వెనక అరచెయ్యి ఆనించి దారం ఎక్కడుందో పట్టుకునేవాడు, నాకంటే శుభ్రంగా కోసేవాడు. రోజుకు పది పన్నెండు చీరలు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే కత్తెర ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"ఎవరన్న జూస్తె ఏమనుకుంటరు? ఇయ్యాల్టి సంది దీన్ని ముట్టకు."

"తలుపేసుకుని జేస్త."

"ముట్టకన్ననా లేదా?"

అంతటితో ఆపలేదు. గుమ్మం నుంచి నల్లా దాకా ఎన్ని అడుగులో ఆయనకు లెక్క. తనే చెంబు పట్టుకుపోయి ముఖం కడుక్కొచ్చేవాడు. అది మాన్పించాను. నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని, అదీ గల్లీలో నలుగురూ చూసేటట్టు, "మెల్లగ, మెల్లగ" అని అరుస్తూ. వెల్లుల్లి ఒలవనివ్వలేదు. చొక్కా గుండీలు పెట్టుకోనివ్వలేదు. చేతులు ఊరుకోకపోతే తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఆ మనిషి నా మాట అంతగా వినడం పెళ్ళయ్యాక అదే మొదలు.

హారతి ఒకరోజు అన్నం తింటూ అంది, "మమ్మీ, బాపును గిట్ల కట్టేసినట్టు ఎందుకు కూసోబెడుతున్నవ్? నాకు చూడబుద్ధి గాదు."

"నువ్వు కాలేజీకి పోవాల్నా వద్దా?" అన్నాను.

అది కంచం ముందు నుంచే లేచిపోయింది.

ఒక మధ్యాహ్నం సంచి తగిలించుకున్న మనిషొకడు చేతిలో కాగితాలతో మా వరస ఇళ్ళ నంబర్లు చూసుకుంటూ వస్తున్నాడు. జితేందర్ చెప్పిన మనిషి ఇతనే అనుకున్నాను. చేస్తున్న చీరలన్నీ మంచం కిందికి తోసి, ఈయనను గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "ఒచ్చిండు. తల కిందికి ఒంచు. చేతులు ఇడిచిపెట్టు" అన్నాను చెవిలో. గ్లాసుతో నీళ్ళు తెచ్చి నోటికి అందించాను. దాహం లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఏమవుతుంది? పొలమారింది, చొక్కా అంతా తడిసింది. నేను హిందీలో గట్టిగా, "అరే, కుఛ్ భీ నహీ దిఖ్తా బేచారే కో", పాపం ఏమీ కనబడదు అంటున్నాను. ఆ మనిషి మమ్మల్ని దాటి గోడ దగ్గరికి పోయి, కరెంటు మీటరు మీద అంకెలు రాసుకుని, పక్క ఇంటికి పోయాడు.

"పోయిండా?" అన్నాడు మా ఆయన దగ్గుతూ.

"పోయిండు."

"ఏమన్నడు?"

"మీటరు జూసెటాయన."

ఆయన తడిసిన చొక్కాను ఒంటికి అంటుకోకుండా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "నేను నిజంగనే గుడ్డోన్ని గదనే సంధ్యా. మల్ల నాకు నేర్పుడేంది?"

సిగ్గుతో చచ్చిపోయాను. తలుపు చాటుకుపోయి ఏడ్చాను కూడా. అయినా మర్నాడు మళ్ళీ కత్తెర ఇచ్చానా? ఇవ్వలేదు. భయం అలాంటిది. ఆ రెండు లైన్లను ఎలాగైనా చెరిపేయాలి, ఇంట్లో ఆయన ఎంత పనికిరాకుండా కనబడితే అంత తొందరగా చెరిగిపోతాయని నా పిచ్చి.

రెండో నెల చివరికొచ్చేసరికి నేను నేర్పినదంతా ఆయనకు వచ్చేసింది. "లేవాల్నా?" అని అడిగి లేచేవాడు. కంచంలో కూర ఎటువైపు ఉందో తడమడం మానేసి, నేను నోట్లో పెట్టేదాకా కాచుకుని ఉండేవాడు. ఒకరోజు నేను బజారుకు పోయి వచ్చేసరికి నుదుటి మీద బొప్పి. నల్లా దగ్గరికి పోదామని లేచి తలుపుకు గుద్దుకున్నాడట. "అడుగులు యాది మరిచిన" అన్నాడు, తప్పు చేసినవాడిలా. కళ్ళు పోయిన రోజు కూడా ఆయన ముఖం అలా లేదు. "అయితే అయింది, చేతులు ఊకుంటే గింత కష్టం లేకపోవు" అన్నాను నేను. అప్పుడు కూడా అన్నాను. నా నోరు పడిపోను.

బోర్డు ముందుకు పోయొచ్చిన డెబ్బై ఒకటో రోజున పోస్ట్‌మాన్ అన్నంత పనీ చేశాడు. గల్లీ మొదటి నుంచే "నాగభూషణమ్!" అని అరిచాడు.

కవరు చింపినా నాకేం తెలుస్తుంది? ఏడో తరగతి తెలుగు చదువు నాది, అందులో ఉన్నదంతా ఇంగ్లీషు. ఈయనకు చెప్పకుండానే జితేందర్ దుకాణానికి పరుగెత్తాను. అతను నిలబడే చదివాడు. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాడు.

"ఎడమ కన్ను రాలేదక్కా," అన్నాడు. "కుడిది ఒక్కటే."

నాకు తెలుసు. బోర్డు గదిలోంచి బయటికి వచ్చినప్పటి నుంచి తెలుసు. "ముడుల గురించి రాసిండ్రు గదా?" అన్నాను.

"ఏం ముడులు?"

సిగ్గుకొద్దీ అతనికి కూడా చెప్పలేదు నేను. అప్పుడు చెప్పాను. అతను రెండో కాగితం తిప్పి వేలు పెట్టి వెతికాడు.

"ఆఁ, ఉన్నది. ఈయన పోగులు స్పర్శతోనే ముడి వేయగలడు, ముడి వేసేటప్పుడు కండ్లు వాడలేదు, చూపు లేదనటానికి అనుమానం లేదు, మగ్గం పని ఇక చేయలేడు. గిట్ల రాసిండ్రు. ఇది బావకు మంచిగనే రాసిండ్రక్కా."

జిరాక్సు మిషను నడుస్తూనే ఉంది.

"మరి ఎందుకు రాలేదు?"

"చూపు పోయిందని ఒప్పుకున్నరు. దెబ్బతోనే పోయిందని ఒప్పుకోలేదు. దెబ్బ తాకినంక పది నెల్ల దాంక ఎడమ కంటికి ఒక్క దవాఖాన చీటీ లేదు. ఎర్రగైంది, నొస్తుంది అని ఏడ జూపిచ్చినట్టు లేదు. అందుకే రెంటికీ సంబంధం రుజువు గాలేదంటున్నరు." జితేందర్ తలెత్తాడు. "అప్పీలు చేసుకోవచ్చు. ఆ పది నెలలు యాడ జూపిచ్చినవక్కా? చిన్న చీటీ ఉన్నా సరే, తే."

చీటీ లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఎడమ కన్ను ఎర్రబడుతోందని ఆయన మొదటిసారి అన్నది దెబ్బ తగిలిన రెండో నెలలోనే. బీమా దవాఖానకు పోదామన్నాడు. అక్కడికి పోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైనులో నిలబడాలి, నేను తోడుండాలి. అప్పుడు నాకు పెళ్ళిళ్ళ సీజను, చీరల మూటలు తెల్లారేసరికి తిరిగి ఇవ్వాలి. "కంట్ల దుమ్ము పడ్డదేమో" అని మా గల్లీ మందుల దుకాణంలో చుక్కల మందు కొనుక్కొచ్చి వేశాను. తగ్గినట్టే ఉండేది, మళ్ళీ ఎర్రబడేది, మళ్ళీ అదే సీసా. పది నెలలు. పెద్దాస్పత్రికి పోయిన రోజు వాళ్ళు అన్నారు, ముందే రావాల్సింది అని. అందరితో అనే మాటేలే అనుకుని వదిలేశాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాటను తిరిగి తలుచుకోలేదు. తలుచుకోకుండా ఉండటానికేనేమో, ఆయన చేతుల మీద పడ్డాను.

పింఛనే కాదు, ఆ కన్ను కూడా నేనే పోగొట్టానేమో.

ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా నడక చప్పుడులోనే తెలిసిపోయినట్టుంది.

"ఒచ్చిందా?"

"ఒచ్చింది. ఎడమది రాలేదు."

తల ఊపాడు. "నా చేతులే గదా," అన్నాడు మెల్లగా.

ఆయన ముందు నేల మీద కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని, ఒక్కటీ దాచకుండా చెప్పాను. ముసలి డాక్టరు మంచే రాశాడని, చేతుల తప్పేమీ లేదని, చీటీలు లేక పోయిందని, చుక్కల మందు సీసా సంగతి, మూటల సంగతి, పెద్దాస్పత్రి వాళ్ళన్న మాట. నా జన్మలో అంత నిజం ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన ఒంగి నా తల మీద చెయ్యి వేశాడు. పాపిట దగ్గర తడుముకుని నిమిరాడు.

"నేను బాధ పడతనని నీ మీదికి దెచ్చుకుంటున్నవా?" అన్నాడు.

"లేదయ్యా, నిజం. కాగితంలనే ఉన్నది. ఇగో, చూడు" అని కాగితం ఆయన చేతిలో పెట్టేశాను. పెట్టాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు.

ఆయన ఆ కాగితాన్ని మర్యాదగా రెండుసార్లు తడిమి, మడిచి, నాకిచ్చేశాడు.

"జితేందర్‌ను అడుగు. రేపు తీసుకొస్త, ఆయననే సదువుమను" అన్నాను.

"ఆయన నువ్వు జెప్పమన్నట్టే సదువుతడు. అక్క మాట తీసేస్తడా?" అన్నాడు, నవ్వే ప్రయత్నం చేస్తూ. "ఊకో. ఏడువకు. నువ్వేం జేసినవ్ పాపం? ఆ బోర్డు ముందట నేను ఊకుంటే అయిపోవు."

హారతి మీద ఒట్టేశాను. నా కొంగు మీద ఒట్టేశాను. ఆయన ఊఁ అంటున్నాడు, పిల్లలు చెప్పే మాటకు ఊకొట్టినట్టు. అరిచాను కూడా. గల్లీలోవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూసి పోయారు. ఆయన నా వీపు నిమురుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి నన్ను క్షమిస్తున్నట్టు లేదు, నన్నే క్షమించమని అడుగుతున్నట్టుంది.

డెబ్బై ఒక్క రోజులు పొద్దున లేచింది మొదలు నేను చెప్పిన మాట ఒక్కటే, తప్పు నీ చేతులదేనని. అది ఆయన నమ్మాడు. ఇప్పుడు నేను నిజం చెబితే ఎలా నమ్ముతాడు?